ఆక్వా ల్యాబ్‌లో మూడేళ్లు, ఫ్లెక్సీ షాపులో రెండేళ్లు: ఇప్పుడు వెబ్ పనిలోకి రావచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: కావలిలో బీఎస్సీ కెమిస్ట్రీ. తర్వాత అల్లూరు వైపు ఆక్వా ల్యాబ్‌లో మూడేళ్లు నీటి పరీక్షలు. చిన్నప్పటి నుంచి బొమ్మల పిచ్చి ఉండడంతో అది మానేసి నెల్లూరులో డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ పని రెండేళ్లు. ఇప్పుడు 29 ఏళ్లు. "దారి ఇన్ని వంకరలు తిరిగింది, నన్నెవరు తీసుకుంటారు? అమీర్‌పేట వెళ్లి కోచింగ్ తీసుకోవాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

జవాబు:

రావచ్చు. వయసు అడ్డం కాదు, డిగ్రీ అడ్డం కాదు. కాకపోతే ఆ ఐదేళ్లలో మీకు ఏం పనికొస్తుందో, ఏది వదిలించుకోవాలో ముందే తెలుసుకోవాలి. ల్యాబ్ నుంచి పనికొచ్చేది కెమిస్ట్రీ కాదు, బ్లాంక్ (పోల్చి చూడ్డానికి పెట్టే ఖాళీ నమూనా) పెట్టి కొలిచే అలవాటు. షాపు నుంచి పనికొచ్చేది కోరల్‌డ్రా కాదు, అక్షరం మీద కన్ను, పార్టీ, అంటే పని చేయించుకునే మనిషి, నోటితో చెప్పింది విని అతనికి నిజంగా ఏం కావాలో పట్టుకునే ఓపిక. ఈ రెండూ కోచింగ్ సెంటర్లో దొరకవు. హెచ్‌టీఎంఎల్ (పేజీ కట్టుబడి), సీఎస్ఎస్ (దాని రూపం), జావాస్క్రిప్ట్ (దాని చేత పని చేయించే కోడ్) మాత్రం ఎవరైనా కూర్చుని నేర్చుకోవాల్సిందే, అందులో మీకు మినహాయింపు లేదు.

అసలు వెబ్ పుట్టిందే ల్యాబ్‌లో. 1989 మార్చిలో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ దాని ప్రతిపాదన రాశాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ఫిజిక్స్. రకరకాల కంప్యూటర్లలో చెల్లాచెదురుగా ఉన్న పరిశోధన కాగితాలు అందరికీ అందాలన్నది అప్పటి అవసరం. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలేసింది. ఇక తెర మీద బొమ్మల సంగతికొస్తే, 1984లో వచ్చిన మొదటి మాకింటాష్ ఐకాన్లు గీసిన సూసన్ కేర్ ఫైన్ ఆర్ట్స్‌లో డాక్టరేట్ చేసిన మనిషి, శిల్పాలు చేసేది. 32 అడ్డం, 32 నిలువు గళ్లలో, నలుపు తెలుపు తప్ప మూడో రంగు లేకుండా ఆ బొమ్మలు వేసింది. చుక్కల ముగ్గు పెట్టే చేతికి ఆ పని వెంటనే అర్థమవుతుంది. ఈ ఇద్దరి పేర్లు మీకు ధైర్యం కోసం చెప్పడం లేదు. కొలత ఒక చేత్తో, కన్ను ఒక చేత్తో పట్టుకునే వాళ్లకు ఈ వృత్తిలో మొదటి నుంచీ చోటుంది.

నేర్చుకునే వరస చెప్తాను. రోజుకు రెండు గంటలు తప్పకుండా కూర్చోగలిగితే హెచ్‌టీఎంఎల్‌కి మూడు వారాలు, సీఎస్ఎస్‌కి రెండు నెలలు, జావాస్క్రిప్ట్‌కి మూడు నెలలు. కోడ్‌లో ప్రతి మార్పునీ నమోదు చేసే గిట్ మొదటి రోజు నుంచే. ఎండీఎన్ అనే వెబ్ పాఠాల సైట్లో ఈ మూడూ ఉచితంగా, చక్కటి వరసలో ఉన్నాయి. రియాక్ట్ లాంటి రెడీమేడ్ జావాస్క్రిప్ట్ లైబ్రరీలు ఈ ఆరు నెలలయ్యాకే. ముందే రియాక్ట్ పట్టుకున్నవాళ్లు ఫారం ఎందుకు సబ్మిట్ కావడం లేదో తెలియక రోజులు పోగొట్టుకుంటారు. ఎందుకంటే తప్పు రియాక్ట్‌లో ఉండదు, కింద ఉన్న హెచ్‌టీఎంఎల్‌లో ఉంటుంది.

హెచ్‌టీఎంఎల్‌లో ఒకటే పట్టుదల పెట్టుకోండి: బటన్‌ని బటన్‌గానే, హెడింగ్‌ని హెడింగ్‌గానే, పట్టికని టేబుల్‌గానే రాయండి. అన్నిటికీ డివ్ (ఏ అర్థం లేని ఖాళీ పెట్టె) వాడి రంగు పూస్తే చూడ్డానికి బటన్‌లా ఉంటుంది కానీ కీబోర్డు ట్యాబ్ నొక్కితే అక్కడ ఆగదు, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చదవదు.

సీఎస్ఎస్‌లో మీకు అందరికంటే ఎక్కువ ఇబ్బంది వస్తుంది, కారణం ఫ్లెక్సీ షాపు. అక్కడ పది అడుగులు ఇంటూ ఆరు అడుగులు అని ముందే తెలుసు. అంగుళాలు లెక్కపెట్టి పేరు ఇక్కడ, ఫొటో అక్కడ పెట్టి ప్రింటుకి పంపితే పని అయిపోయినట్టే. వెబ్‌లో కాగితం కొలతే తెలియదు. ఒకరి ఫోన్ 360 పిక్సెళ్ల వెడల్పు, ఇంకొకరి మానిటర్ 1920. ఒకరు అక్షరాలు పెద్దవి చేసుకుని చూస్తారు. డీటీపీ నుంచి వచ్చినవాళ్లు ప్రతి వస్తువునీ ఆబ్సల్యూట్ పొజిషన్‌తో మేకు కొట్టినట్టు కొట్టేస్తారు. అక్షరం సైజు పెరగ్గానే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. దాని బదులు జాగాని బట్టి వస్తువులను సర్దే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ నేర్చుకోండి. వెడల్పుకి ఇంత అని కాకుండా ఇంతకు మించకూడదు అని చెప్పండి. సైజులు రెమ్‌లో, అంటే చదివేవాళ్లు పెట్టుకున్న అక్షరం సైజుని బట్టి మారే కొలతలో, ఇవ్వండి. ప్రతి పేజీనీ రెండు చోట్ల పరీక్షించండి: 320 పిక్సెళ్ల వెడల్పులో ఒకసారి, 200 శాతం జూమ్‌లో ఒకసారి. పక్కకి జరిపితే తప్ప చదవలేని లైను ఒక్కటి వచ్చినా పని పూర్తి కానట్టే.

జావాస్క్రిప్ట్‌కి సినిమా లిస్టు, టూడూ లిస్టు లాంటి అభ్యాసాలు వద్దు. మీకు లోపలి లెక్క తెలిసిన పని ఎత్తుకోండి. రొయ్యల గుంట మేత లెక్క అందుకు చాలా మంచిది. లక్ష సీడ్ (రొయ్య పిల్లలు) వదిలారు, బతుకుదల 80 శాతం, సగటు బరువు 10 గ్రాములు అనుకుందాం. గుంటలో ఉన్న సరుకు 800 కిలోలు. మేత 3 శాతం అయితే రోజుకు 24 కిలోలు, నాలుగు పూటలకు పంచితే పూటకు 6 కిలోలు. కౌంట్, అంటే కిలోకి తూగే రొయ్యలు, 100. మేత శాతం బరువుని బట్టి చార్టు ప్రకారం మారుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

లెక్క ఇంతే, నాలుగు లైన్లు. ఇక్కడే వెబ్ అసలు రంగు బయటపడుతుంది. ఫారంలో టైపు చేసినదంతా జావాస్క్రిప్ట్‌కి అక్షరాలుగా వస్తుంది, అంకెలుగా కాదు. రోజు మేత 24, అదనం 6 అని రాసి కూడితే 30 రాదు, 246 వస్తుంది. ఇంకా ప్రమాదమైనది కామా. మన రైతు లక్షని 1,00,000 అని రాస్తాడు. పార్స్‌ఫ్లోట్ అనే ఫంక్షన్ మొదటి కామా దగ్గర ఆగిపోయి దాన్ని 1 అనుకుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. 800 కిలోలు రావాల్సిన చోట 8 గ్రాములు వస్తుంది. నంబర్ అనే ఫంక్షన్ వాడితే అదే రాతకి "ఇది సంఖ్య కాదు" అని జవాబిస్తుంది. తప్పుని దాచే ఫంక్షన్ కంటే తప్పుని బయటపెట్టే ఫంక్షన్ మేలు. అందుకని ముందు కామాలు తీసేయండి, తర్వాత నంబర్‌తో మార్చండి, ఆ తర్వాత హద్దులు చూడండి. పిహెచ్ గడిలో 8.2కి బదులు 82 పడితే పేజీ అక్కడే ఆగి అడగాలి. తనంతట తాను 8.2గా దిద్దకూడదు, రీడింగ్ మార్చే హక్కు సాఫ్ట్‌వేర్‌కి లేదు. ఇన్‌పుట్ గడికి టెక్స్ట్ రకమే ఇచ్చి, ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ అని పెడితే ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది, కామా గొడవ మీ చేతిలో ఉంటుంది. నంబర్ రకం ఇస్తే కంప్యూటర్‌లో మౌస్ చక్రం తిప్పినప్పుడు అంకె దానంతటది మారిపోయే అవకాశం ఉంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. కంప్యూటర్ దశాంశాలను 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో దాచుకోవడం వల్ల అలా అవుతుంది. చూపించేటప్పుడు రెండు స్థానాలకు కుదించండి, లోపల లెక్కలో కుదించొద్దు. ల్యాబ్‌లో మీరు చేసేదీ అదేగా.

గుంట గట్టు మీద సిగ్నల్ ఉండదు. కాబట్టి రాసిన రీడింగ్ ముందు ఫోన్‌లోని లోకల్ స్టోరేజ్‌లో పడాలి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కి వెళ్లాలి. ప్రతి రీడింగ్‌తో పాటు కొలిచిన సమయం ఉండాలి, పంపిన సమయం కాదు. తెల్లవారుజామున 5 గంటలకు తీసిన డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 3.5కి, మధ్యాహ్నం తీసిన 3.5కి అర్థం పూర్తిగా వేరు. ఈ ఒక్క ముక్క మామూలు డెవలపర్‌కి తట్టదు, మీకు తడుతుంది. మీ వంకర దారి విలువ ఇలాంటి చోట్ల కనిపిస్తుంది.

అదే గట్టు మీద ఎండలో ఫోన్ తెర కనపడదు. అంటే మనం మాట్లాడుకోవాల్సిన తర్వాతి సంగతి రంగు, అందులో మీ రెండు వృత్తులూ కలుస్తాయి. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడాని కొలిచే లెక్క ఒకటుంది, కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణం చెప్తుంది. 24 పిక్సెళ్లు దాటినవి, బోల్డ్ అయితే దాదాపు 19 దాటినవి పెద్ద అక్షరాల లెక్క. వెలుగు తీసే సూత్రంలో ఎరుపు వాటా 0.2126, ఆకుపచ్చ 0.7152, నీలం 0.0722. మన కన్నుకి ఆకుపచ్చే ఎక్కువ వెలుగుగా అనిపిస్తుంది కాబట్టి ఆ వాటాలు.

ఇప్పుడు మన ఫ్లెక్సీల ముద్దుల జోడీ, ఎర్ర నేల మీద పసుపు అక్షరం తీసుకోండి. నిండు ఎరుపు 255, 0, 0 మీద నిండు పసుపు పెడితే నిష్పత్తి 3.72 మాత్రమే. పెద్ద హెడింగ్‌కి సరిపోతుంది, చిరునామా లైనుకి సరిపోదు. జోడీ మార్చనక్కర్లేదు. ఎరుపుని 176, 0, 0కి దించండి, అదే పసుపు 6.9 దాకా ఎక్కుతుంది. పార్టీ అడిగిన ఎరుపు ఎరుపుగానే ఉంది, ముసలాయన కూడా ఫోన్ నంబరు చదవగలుగుతాడు. తెల్ల నేల మీద బూడిద రంగు ఇంకో వల. మూడు రంగులూ 119 పెడితే 4.48, అంటే ఫెయిల్. 118 పెడితే 4.54, పాస్. కంటికి రెండూ ఒక్కటే, కొలిస్తేనే తెలుస్తుంది. టెస్ట్ కిట్ రంగు చార్టుని ఇద్దరు చూస్తే రెండు రీడింగులు ఎలా వస్తాయో మీకు తెలుసు కాబట్టి ఒక మాట బాగా గుర్తుంటుంది: ఒట్టి రంగుతో సమాచారం చెప్పొద్దు. అమ్మోనియా ఎక్కువైతే గడి ఎర్రగా మారడమే కాదు, పక్కన "ఎక్కువ" అని రాయాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని మగవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఇక తెలుగు అక్షరం. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీకు పేరు తెచ్చేది ఇదేనని నా అభిప్రాయం. ఫ్రంట్ ఎండ్ (చూసేవాళ్లకి కనపడే పేజీ పని) తెలిసినవాళ్లు వేలమంది ఉన్నారు. తెలుగు పేజీని తెలుగులా నిలబెట్టేవాళ్లు తక్కువ.

షాపులో మీరు వాడింది అను ఫాంట్లు. అందులో టైపు చేసిన "నెల్లూరు" కంప్యూటర్‌కి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు బొమ్మ తొడిగిన వేషం. ఆ ఫాంటు లేని చోట అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. అందుకని చాలామంది ఆ రాతని బొమ్మగా మార్చి సైట్లో పెట్టేస్తారు. బొమ్మలోని అక్షరాన్ని స్క్రీన్ రీడర్ చదవలేదు, ఫోన్‌లో చిన్నదై మసకబారుతుంది, ధర మారితే బొమ్మంతా మళ్లీ చేయాలి. మీ పాత ఫైళ్లు ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఉన్న పద్ధతిలోకి, మార్చండి. మార్చాక తప్పనిసరిగా ఒక మనిషి చదవాలి. వత్తులు తారుమారు కావడం, అరసున్నలు కొమ్ములు కావడం అక్కడే జరుగుతాయి.

యూనికోడ్‌లో తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలున్నాయి. "స్త్రీ" అనే మాటను దగ్గరగా చూడండి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. జావాస్క్రిప్ట్‌లో దీని పొడవు అడిగితే 6 అంటుంది. వెబ్‌లో రాతని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఇది తెలియక "పేరు 16 అక్షరాలకు మించకూడదు" అని ఫారం రాస్తే, కంటికి ఏడక్షరాలే ఉన్న "వేంకట సుబ్రహ్మణ్యం" మధ్య ఖాళీతో కలిపి 18 అయి అంచు దాటిపోతుంది. ఇంకా ఘోరం, 16 దగ్గర టక్కున కోస్తే పొల్లు దగ్గర తెగి చివర పొల్లక్షరం వేలాడుతుంది. పొడవు కొలవాల్సి వస్తే జావాస్క్రిప్ట్‌లోని సెగ్మెంటర్ వాడి అక్షరాల గుంపులుగా లెక్కపెట్టండి. అసలు పేరుకి అంత చిన్న హద్దు ఎందుకని పార్టీని అడగడం ఇంకా మంచిది.

"సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట పొల్లుకీ వ కీ మధ్య కనపడని ఒక గుర్తు ఉండాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే వ పోయి ట కింద వత్తుగా చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. కొంతమంది ప్రోగ్రామర్లు ఫారంలో వచ్చిన రాతని శుభ్రం చేస్తున్నామనుకుని కనపడని గుర్తులన్నీ ఊడ్చేస్తారు. తెలుగు సైట్లో ఆ ఊడ్పు వద్దు. ఇంకొకటి, ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా ఉండవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వానికి కింది గుర్తు కలిపి. కంటికి తేడా లేదు, వెతుకులాటలో మాత్రం "చెన్నై" రెండు వేరు ఊళ్లయిపోతుంది. దాచే ముందు ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో ఒకే రూపానికి తెస్తే చాలు.

కనపడే తీరు సంగతి. పేజీ మొదట్లో లాంగ్ అట్రిబ్యూట్‌కి తెలుగు కోడ్ ఇవ్వండి, స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకునేది దాన్ని చూసే. ఇంగ్లీషుకి సరిపోయే 1.4 లైన్ హైట్ తెలుగుకి చాలదు. పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తుకి క్రారవడి కూడా ఉంటాయి. 1.7 దగ్గర మొదలుపెట్టి ఫాంటుని బట్టి సర్దండి. అక్షరం 18 పిక్సెళ్లకు తగ్గకుండా చూడండి. బటన్‌కి ఎత్తు గట్టిగా బిగించి, మించింది దాచెయ్ అని పెడితే "కొట్టు" కాస్తా "కొటు"లా కనిపిస్తుంది, కింది ట వత్తు తెగిపోయి. ఎత్తు ఇవ్వకండి, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ సున్నా దగ్గరే ఉంచండి. ఇటాలిక్ వాడకండి, తెలుగు ఫాంట్లలో దాదాపుగా అది ఉండదు, బ్రౌజర్ తనే ఒంచి చూపిస్తుంది. బోల్డ్ విషయంలోనూ ఇదే తంటా. గూగుల్ ఫాంట్స్‌లో తిమ్మన, పెద్దన, ధూర్జటి, రామభద్ర, మల్లన్న పేర్లతో చక్కని తెలుగు ఫాంట్లున్నాయి, ప్రబంధ కవులంతా కొలువు తీరినట్టు. వాటిలో ఎక్కువవాటికి ఒక్కటే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజర్ అక్షరం చుట్టూ మసి పూసి చూపిస్తుంది, థ, ఠ, ఘ కడుపులు పూడుకుపోతాయి. హెడింగ్‌కి రామభద్ర లాంటి బరువైనది, మ్యాటర్‌కి నోటో సాన్స్ తెలుగు లేదా అనేక మందాలున్న అనెక్ తెలుగు పెట్టుకుంటే ఆ అవసరమే రాదు. తెలుగులో ఇంగ్లీషులోలా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు లేవు, కాబట్టి దేన్ని ముందు చదవాలో చెప్పేది సైజు, మందం, ఖాళీ జాగా మాత్రమే. బోర్డు రాసే పెయింటర్లు ఇది కుంచెతో చేసి చూపిస్తారు. దుకాణం పేరు ఎంత, "ప్రొప్రైటర్" ఎంత, ఫోన్ నంబరు ఎంత అన్న వాటాలు వాళ్ల బోర్డుల్లో చూడండి.

ఫొటోల దగ్గర మీ చేతికి తగిన పని మన చుట్టూనే ఉంది. ఉదయగిరి చెక్క గరిటెలు, వెంకటగిరి చీరలు, చీమకుర్తి నల్ల గ్రానైట్, మూడింటికీ మూడు రకాల వెలుగు కావాలి. చీరని ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు కలిసిన చోట తీస్తే సగం నీలం, సగం పసుపు తిరుగుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. బయట నీడలో, ఫ్లాష్ లేకుండా, మొదటి ఫొటోలో పక్కన బూడిద కార్డు పెట్టి తీయండి. ఆ కార్డుతో వైట్ బ్యాలెన్స్ సరిచేసి మిగతా ఫొటోలన్నిటికీ అదే వర్తింపజేయండి. కార్డు అంటే మీ భాషలో స్టాండర్డ్ సొల్యూషనే. గ్రానైట్ నలుపుని కెమెరా నమ్మదు, వెలుగు చాలలేదనుకుని పెంచేసి బూడిద రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్, అంటే వెలుగు సగమయ్యేలా, తగ్గించి, వెలుగు పక్కవాటుగా పడేలా పెడితే ఆ నలుపులోని బంగారు మెరుపు చుక్కలు లేస్తాయి. చెక్క గరిటెకి కూడా పక్కవాటు వెలుగే, నార గీతలు కనపడాలి.

ఫోన్ ఇచ్చే 4000 పిక్సెళ్ల ఫొటో మూడు నాలుగు ఎంబీలుంటుంది. దాన్ని 1200 వెడల్పుకి దించి, వెబ్‌పీ అనే ఫైలు రకంలో 75 నుంచి 80 నాణ్యతతో, తెరలకు వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో సేవ్ చేస్తే సాధారణంగా 200 కేబీ లోపు వస్తుంది. షాపు అలవాటుతో ప్రింటుకి వాడే సీఎంవైకే ఫైలు పెడితే రంగులు తేడా కొడతాయి. ప్రతి బొమ్మకీ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయండి. లేకపోతే బొమ్మ వచ్చేసరికి కింది రాత ఒక్కసారిగా దిగిపోతుంది, కొనుగోలు బటన్ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది. బొమ్మ బదులు చదివించే ఆల్ట్ రాతలో "చీర" అని వదిలేయకుండా "నెమలి నీలం వెంకటగిరి కాటన్ చీర, సన్న జరీ అంచు, పల్లులో జాందానీ హంసలు" అని రాయండి.

తప్పు వెతకడం గురించి ఒక మాట. కొత్తవాళ్లు పేజీ పాడైతే ఒకేసారి ఐదు చోట్ల మార్చేస్తారు. బాగైతే ఎందుకు బాగైందో తెలియదు. మీరు ల్యాబ్ పద్ధతి వదలకండి. ఎక్స్‌టెన్షన్లు లేని ఇన్‌కాగ్నిటో కిటికీ మీ బ్లాంక్. అందులోనూ తప్పు వస్తే అది మీ కోడ్‌లో ఉంది. కోడ్‌లో సగం ఆపేసి చూడండి, తప్పు పోతే ఆ సగంలోనే ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. వెయ్యి లైన్లలో తప్పు లైనుని ఇలా పది మెట్లలో పట్టుకోవచ్చు. ఒక్కో మార్పుకి ఒక్కో గిట్ కమిట్ (నమోదు), దాంట్లో ఏం మార్చారో, ఎందుకో తెలుగులో రాసినా ఫర్వాలేదు. రికార్డు బుక్‌కీ దానికీ తేడా లేదు.

పోర్ట్‌ఫోలియోలో మూడు పనులు చాలు: మేత లెక్క, ఒక చేతివృత్తి సరుకుల పేజీ, ఒక పూర్తి తెలుగు చదువుల పేజీ, ఉదాహరణకి పదో తరగతి పిల్లలకి టైట్రేషన్ బొమ్మలతో. మూడోది మీరు తప్ప ఇంకొకరు అంత సులువుగా చేయలేరు. ప్రతి పనికీ మెరుగుపరచక ముందు కొలిచిన అంకె, మెరుగుపరిచాక కొలిచిన అంకె రాయండి. పేజీ వేగం లాంటివి కొలిచే లైట్‌హౌస్ అనే ఉచిత పరికరం క్రోమ్‌లోనే ఉంది. పేజీలోని ముఖ్య భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, రాత కదిలే స్కోరు 0.1 లోపు ఉండాలి. నొక్కిన వెంటనే 200 మిల్లీసెకన్లలో పేజీ స్పందించాలి, ఇది మాత్రం లైట్‌హౌస్ ఒక్కటే చూపదు, నిజంగా వాడి చూడాలి. కొలత మీ ల్యాప్‌టాప్‌లో కాదు, రెండు మూడు జీబీల ర్యామ్ ఉన్న పాత ఫోన్‌లో, వింజమూరులోనో కనిగిరిలోనో బస్సులో కూర్చుని తీసుకోండి.

రెజ్యూమెలో ఐదేళ్లు దాచొద్దు, సాగదీయొద్దు. ఒక్కో ఉద్యోగానికి ఒక్క లైను, ఆ లైన్లో వెబ్‌కి పనికొచ్చే ముక్క: "రోజుకు ఇన్ని నమూనాల రీడింగులు తప్పు లేకుండా నమోదు", "ఇన్ని తెలుగు డిజైన్లు పార్టీలతో మాట్లాడి పూర్తి". ఇన్ని అన్నచోట నిజమైన అంకె రాయండి. ఫుల్ స్టాక్ (కనపడే పేజీ, వెనక సర్వర్ రెండూ వచ్చు) అని రాసుకోకండి, రెండో ప్రశ్నకే బయటపడుతుంది. మీరు అడగాల్సిన ఉద్యోగాలు ఫ్రంట్ ఎండ్ డెవలపర్, తెలుగు లోకలైజేషన్ (సైట్లను తెలుగులోకి తేవడం), యాక్సెసిబిలిటీ టెస్టింగ్ (చూపు లేనివాళ్ల లాంటివారు కూడా వాడగలరో లేదో పరీక్షించడం), సైన్సు పాఠాలు తయారుచేసే సంస్థల్లో డిజైన్.

అమీర్‌పేట గురించి: ఆరు నెలలు ఇంట్లో క్రమంగా కూర్చోలేని మనిషైతే కోచింగ్ పనికొస్తుంది, కూర్చోగలిగితే ఆ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనండి. చేరాలనుకుంటే చేరకముందే పాత విద్యార్థులు చేసిన సైట్లు మూడు చూపించమని అడగండి. మూడూ ఒకే మూసలో ఉంటే చేరకండి.

ఉద్యోగం దొరికేలోపు నెల్లూరు, ఒంగోలులో చిన్న పనులు వస్తాయి. ఇక్కడ కోడ్ వల్ల కాదు, కాగితం లేక గొడవలు వస్తాయి. పేజీలు ఎన్ని, మార్పులు ఎన్నిసార్లు ఉచితం, ఫొటోలు ఎవరు తీయాలి, రాత ఎవరు ఇవ్వాలి, ఏ తేదీకి, ఇవన్నీ ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. సగం డబ్బు ముందు తీసుకోండి. పని ఆగిపోయేది ఎప్పుడూ "ఫొటోలు రేపు పంపిస్తా అన్నా" దగ్గరే, కాబట్టి ఫొటోలు, రాత చేతికి అందిన రోజు నుంచే గడువు లెక్క అని అందులో ఉండాలి. ఫారంలో ఫోన్ నంబర్లు తీసుకుంటుంటే ఎందుకు తీసుకుంటున్నారో అక్కడే రాయండి, 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అడిగేది అదే. అవసరం లేని గడి పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా. దాన్ని పార్టీ పేరు మీద, పార్టీ ఈమెయిల్‌తో, పార్టీ కార్డుతోనే కొనిపించండి, మీ ఖాతాలో కాదు. మీ ఖాతాలో ఉంటే మీరు ఊరు మారినా, ఫోన్ పోయినా, ఇద్దరి మధ్య మాట తేడా వచ్చినా అవతలి దుకాణం పేరు గాల్లో కలుస్తుంది. రెన్యువల్ గడువు పార్టీ ఫోన్ క్యాలెండర్‌లో, నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మోగేలా మీరే పెట్టి ఇవ్వండి. పని అప్పజెప్పే రోజు ఒక కవరులో నాలుగు వివరాలు రాసి చేతికివ్వండి: డొమైన్ ఎక్కడ కొన్నారు, హోస్టింగ్ ఎక్కడ, ఏ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వాలి, ఫైళ్ల కాపీ ఏ పెన్‌డ్రైవ్‌లో ఉంది. పాస్‌వర్డులు మాత్రం ఆ కాగితం మీద రాయకుండా పార్టీ చేతే మీ ముందు మార్పించండి.